కాళ్ళ క్రింది బర్మాటేకు

ఉగాదికి ముందు ఇల్లు దులిపి, నేల కడిగి, ముగ్గు పెట్టుట మనవారు ఊరు విడిచినను విడువని ఆచారము. ఈ యేడు అట్లే మా సంఘపు గదిని దులుపుచుండగా, పాత లినోలియము పట్టా క్రింద ఒక మూల నేల కుంగియుండుట కనబడినది. గది బొంబాయి నడిబొడ్డున, నూరేండ్లు దాటిన చాల్‌లో, రెండవ అంతస్తున నున్నది. పట్టా చుట్టివేసి చూడగా గోడ నుండి గోడ వరకు టేకు పలకలు! పైన సిమెంటు పోసి టైల్సు పరచుదమని యువకులు, పలకలనే బాగు చేయింతమని పెద్దలు రెండు పక్షములైరి. రేపో మాపో కూల్చు కట్టడమునకు ఇంత ఖర్చేల యని మూడవ పక్షము. తగవు తీరుటకు ముందు ఈ నేల ఎట్లు వచ్చినదో కొంత విచారించితిమి. ఆ విచారణయే ఈ వ్యాసము.

1803లో కోట ప్రాంతమున గొప్ప అగ్నిప్రమాదము జరిగి అనేక గృహములు బూడిదయైనను, బొంబాయి కొయ్యను విడువలేదు. 1854లో తొలి నూలుమిల్లు కంపెనీ ఏర్పడిన పిమ్మట పనివారు వేలకు వేలుగా వచ్చిరి. వారికి త్వరగా లేపిన కట్టడములే చాల్‌లు. కొయ్య స్తంభములు, దూలములు, నడుమ ఇటుక గోడలు, పైయంతస్తులకు వాసములపై పలకలు: ఇదియే వాటి నిర్మాణము. ఈ కొయ్యలో చాల భాగము సముద్రము దాటి వచ్చిన బర్మాటేకు. 1863లో బొంబాయిలో స్థాపింపబడిన బొంబాయి బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్‌కును మాండలే ప్రభుత్వమునకును కలప విషయమున వచ్చిన తగవే 1885 యుద్ధమునకు సాకైనది. థీబా రాజు రత్నగిరికి ఖైదీగా వచ్చెను. కలప దుంగల లెక్క తేలక ఒక రాజ్యమే పోయెనన్నమాట!

ఈ కథలో మనవారు రెండు చోట్ల కనబడుదురు. గోదావరి తీరపు కోరంగి రేవు పేరు మన యానాము సోదరులకు చెప్పనక్కరలేదు. ఆ పేరుమీదనే బర్మాలో తెలుగు కూలీలను కోరంగీలనిరి. కాకినాడ నుండి స్టీమరెక్కి రంగూను చేరినవారు రేవులోను, బియ్యపు మిల్లులలోను, రంపపు మిల్లులలోను చెమటోడ్చిరి. 1930 మే నెలలో రేవు పని కొరకు జరిగిన అల్లరులలో వారిలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఇటు బొంబాయిలో నైజాము రాజ్యము నుండి వచ్చిన కామాటీలు మట్టి మోసి, రాయి కొట్టి, గోడలు లేపిరి. కామాటిపుర వారి పేరనే వెలసినది. నేడు ఆ పేరు చెప్పిన జనులకు తోచునది వేరు. పునాదులెత్తినవారు ఎవరికిని గుర్తురారు.

పలకల నేలను కప్పుట నిన్న మొన్నటి బుద్ధి కాదు. పలకల సందులనుండి దుమ్ము క్రింది ఇంటివారి అన్నపు కంచములలో రాలును. నీరు ఒలికిన వారి పడకలు తడియును. అందువలన కొందరు మట్టి పరచి పేడతో అలికిరి. కొందరు సున్నము, ఇటుక ముక్కలు కలిపి కోబా వేసి, దానిపై షాహాబాదు బండలు పరచిరి. గుల్బర్గా ప్రాంతపు ఆ ఊరు 1956 వరకు హైదరాబాదు రాజ్యములోనిది. 1871లో రాయచూరు వరకు వచ్చిన రైలుమార్గముననే ఆ బండలు వచ్చినవి, మన కూలీలును వచ్చిరి. 1922లో భారత్ కంపెనీ సిమెంటు టైల్సు చేయనారంభించిన తరువాత రంగురంగుల నేలలపై జనులకు మోజు హెచ్చినది.

కాని బరువు మాట ఎవరాలోచించిరి? పదడుగుల చదరపు గదిలో అంగుళము మందపు టేకు పలకలు సుమారు 150 కిలోలు తూగును. రెండంగుళముల కోబా, దానిపై అంగుళపు బండ వేసినచో ఒకటిన్నర టన్నుకు చేరువగును. దానిపై మరల సిమెంటు, టైల్సు రెండంగుళములు వేసిన ఇంకొక టన్ను. 1947 అద్దె చట్టము అద్దెలను పాత మట్టముననే నిలిపినందున యజమానులు మరమ్మతు మానిరి. అద్దెవారు ఎవరి గది వారు కప్పుకొనిరి. అందరి బరువును మోసినవి ఆ పాత దూలములే. కట్టడములు కూలుచుండగా 1969లో మరమ్మతుల బోర్డునకు చట్టము వచ్చినది. 1940 సెప్టెంబరు 1కి ముందరి ఇండ్లు అందులో మొదటి తరగతివి. మన చాల్ అట్టిదే.

మా పిలుపుపై వచ్చిన మేస్త్రీ పాలమూరు వాడు, వృద్ధుడు. పలకలను సుత్తితో తట్టి చప్పుడు విని, దబ్బనముతో గ్రుచ్చి చూచెను. నడిమి పలకలలో దబ్బనము దిగలేదు. చేవగల టేకును చెదలు సులభముగ ముట్టవు. కాని మోరీ ప్రక్కన, గోడలో దూరిన రెండు వాసముల కొనలలో దబ్బనము వెన్నలోవలె దిగినది. చాల ఏండ్లుగా మోరీ నీరు గోడలోనికి ఇంకుచుండెను. పైన గాలియాడని పట్టా కప్పియుండుటచే తడి ఆరలేదు. సిమెంటు వేసినచో ఏమగునని అడిగితిమి.

"రోగమున్నోనికి కొత్త అంగి తొడిగినట్లయితది సారూ. రోగం కానరాదు, అంతే. కింద పిల్లలు పండుకుంటరు గదా" అనెను.

ఆ మాటతో సభ కొంతసేపు నిశ్శబ్దమాయెను. క్రింది గదిలో నలుగురు పిల్లలు గల కుటుంబమున్నది. వారు తెలుగువారు కారు, ఉగాదికి మన పచ్చడి మాత్రము రుచి చూచెదరు. కూల్చు కట్టడమను వాదము వినుటకు బాగుగనే యున్నది గాని, కూల్చు దినము వరకు వారు దాని క్రిందనే నిద్రింపవలెను గదా. పలకలకు అనుకూలముగా ఓట్లు వచ్చినవి, హెచ్చు కేవలము మూడు. మోరీ మూల మాత్రము యువకుల మాటయే నెగ్గినది: అచ్చట నీరు దిగకుండ పనిచేయించి పలుచని టైల్సు వేయుదురు. మిగిలిన చోట కుళ్ళిన వాసపు కొనలు కోసి, పాత టేకే తెచ్చి అతికి, ఇనుప పట్టీలు బిగించి, సందులలో సన్నని బద్దలు కొట్టి, దుమ్ము దిగకుండ చేయుదురు. లినోలియము మరల పరచబడదు.

పని ఉగాదికి పూర్తికాదు. ఈ యేటి పంచాంగశ్రవణము క్రింది వసారాలో జరుగును. సభ్యులు చాపలు తెచ్చుకొనవలెనని మనవి.