వెనక్కి తిరిగితేనే కనిపించే కిటికీలు: కోవెంట్రీ కేథడ్రల్ కథ

ఇంగ్లండు చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకీ, అత్తమామలకీ మనం చూపించే ఊళ్ళ జాబితా ఒకటి ఉంటుంది. లండన్, ఆక్స్‌ఫర్డ్, షేక్స్‌పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్. ఆ స్ట్రాట్‌ఫర్డ్‌కి సుమారు 20 మైళ్ళ దూరంలోనే కోవెంట్రీ ఉంది. కార్ల ఫ్యాక్టరీల ఊరు, అక్కడ చూడటానికేముంది అని చాలామంది పక్కనుంచి దాటి వెళ్ళిపోతారు. ఆ ఊళ్ళో ఉన్న కేథడ్రల్‌ని చూశాక నాకు మాత్రం దాన్ని జాబితాలో అన్నిటికంటే పైన పెట్టాలనిపించింది. అది వెయ్యేళ్ళనాటి కట్టడమేమీ కాదు. మన నాగార్జునసాగర్ ఆనకట్ట కడుతున్న రోజుల్లోనే దాన్నీ కట్టారు. అయినా ఒక ఊరు తన దుఃఖంతో ఏం చెయ్యాలి అనే ప్రశ్నకి రాయితో, అద్దంతో జవాబు చెప్పిన కట్టడం నేను చూసినంతలో అదొక్కటే.

కేథడ్రల్ అంటే పెద్ద చర్చి అని మనం అనుకుంటాం. నిజానికి సైజుతో సంబంధం లేదు. బిషప్ గారి పీఠం ఏ చర్చిలో ఉంటే అది కేథడ్రల్. కోవెంట్రీకి మధ్యయుగంలోనే ఒక కేథడ్రల్ ఉండేది. ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేసినప్పుడు, 16వ శతాబ్దంలో, అది పోయింది. దాని పక్కనే 14, 15 శతాబ్దాల్లో కట్టిన సెయింట్ మైకేల్ చర్చి మిగిలింది. సుమారు 295 అడుగుల శిఖరంతో ఊరికంతటికీ కనిపించే ఆ చర్చికి 1918లో కేథడ్రల్ హోదా వచ్చింది. ఆ హోదా దక్కిన 22 ఏళ్ళకే దాని కథ ముగిసింది.

ఆ ఒక్క రాత్రి

1940 నవంబరు 14. నిండు వెన్నెల. రెండో ప్రపంచ యుద్ధంలో కోవెంట్రీ ఫ్యాక్టరీలన్నీ విమానాల ఇంజన్లు, యుద్ధ సామగ్రి తయారు చేస్తున్నాయి. సాయంత్రం ఏడు గంటలు దాటాక జర్మన్ విమానాలు రావడం మొదలుపెట్టాయి. సుమారు 500 బాంబర్లు తెల్లవారేదాకా, పదకొండు గంటల పాటు, ఊరి మీద నిప్పులు కురిపించాయి. 560 మందికి పైగా చనిపోయారు. 4,000 పైచిలుకు ఇళ్ళు నేలమట్టమయ్యాయి. ఈ దాడి తరవాత జర్మన్లు తమ భాషలో ఒక కొత్త క్రియాపదమే పుట్టించారు. 'కోవెంట్రీ చెయ్యడం' అంటే ఊరిని ఆనవాలు లేకుండా చెయ్యడం అని అర్థం.

కేథడ్రల్ పెద్ద, ప్రొవోస్ట్ రిచర్డ్ హోవార్డ్, ఆ రాత్రి మరో ముగ్గురితో కలిసి చర్చి కప్పు మీద ఉన్నారు. పడ్డ బాంబుని పడ్డట్టు ఇసుకతో ఆర్పుతూ వచ్చారు. చివరికి ఇసుకా అయిపోయింది, నీళ్ళూ అయిపోయాయి. తెల్లారేసరికి మిగిలింది శిఖరం, బయటి గోడలు, మధ్యలో ఆకాశం.

తరవాత జరిగినదే అసలు చరిత్ర. కాలిపోయిన దూలాలు రెండు శిలువ ఆకారంలో పడి ఉండటం జాక్ ఫోర్బ్స్ అనే తాపీ మేస్త్రీ కంటపడింది. వాటిని అలాగే కట్టి నిలబెట్టాడు. ఆర్థర్ వేల్స్ అనే ఫాదరీ కప్పునుంచి రాలిన మధ్యయుగపు మేకులు మూడు ఏరి, వాటితో ఒక చిన్న శిలువ చేశాడు. ఆ ఏడాది క్రిస్మస్ రోజున హోవార్డ్ శిథిలాల మధ్యనుంచే బీబీసీ రేడియోలో మాట్లాడుతూ, ఎంత కష్టమైనా పగ అనే ఆలోచనని మనసులోంచి తోసేయాలని చెప్పాడు. శవాలను పూడ్చి ఇంకా ఆరు వారాలు కాలేదు. యుద్ధం ఇంకా నాలుగున్నరేళ్ళు మిగిలే ఉంది. సొంతవాళ్ళను పోగొట్టుకున్న ఇళ్ళలో ఆ మాట ఎలా వినపడి ఉంటుందో మనం ఊహించుకోవలసిందే.

బొంబాయిలో పుట్టిన వాస్తుశిల్పి

కొత్త కేథడ్రల్ కోసం పోటీ పెట్టారు. 219 నమూనాలు వచ్చాయి. 1951లో గెలిచినవాడు బాసిల్ స్పెన్స్. ఈయన పుట్టింది మన బొంబాయిలో, 1907లో. చదువు కొంత అక్కడ, తక్కినది ఎడింబరోలో. ఇప్పుడు మనం రాష్ట్రపతి భవన్ అంటున్న భవనానికి లట్యన్స్ కార్యాలయంలో డ్రాయింగులు వేసినవాళ్ళలో కుర్రవాడుగా ఈయన కూడా ఒకడు.

స్పెన్స్ చేసిన మొదటి పని పాత గోడల్ని ముట్టుకోకపోవడం. పాతదాన్ని ఉన్నదున్నట్టు తిరిగి కట్టలేదు. పడగొట్టి చదును చేసి ఆ జాగాలో కొత్తది కట్టనూ లేదు. శిథిలాన్ని శిథిలంగానే ఉంచి, దానికి సరిగ్గా లంబకోణంలో కొత్త కట్టడాన్ని నిలబెట్టాడు. రెంటినీ ఒక ఎత్తయిన వరండా కలుపుతుంది. రెండింటికీ వాడింది ఒకే ఛాయలో ఉన్న ఎర్ర ఇసుకరాయి. మన ఇళ్ళలో తాతలనాటి మండువా పక్కనే కొడుకు కొత్త మేడ వేసుకుంటే, రెంటికీ నడుమ వాకిలి ఒకటే ఉన్నట్టు.

ఇది అందరికీ నచ్చలేదు. స్పెన్స్‌కి తిడుతూ వందల ఉత్తరాలు వచ్చాయి. అంతకంటే బరువైన అభ్యంతరం ఊరి కౌన్సిల్‌నుంచి వచ్చింది. జనానికి ఇళ్ళు లేవు, బడులు లేవు, సిమెంటుకీ కూలీలకీ కరువుగా ఉంది. ఇప్పుడు కేథడ్రల్ ఏమిటి అని 1954లో వాళ్ళు ప్రభుత్వం దగ్గరికి వెళ్ళారు. అది తీసి పారేసే ప్రశ్న కాదు. మంత్రి డేవిడ్ ఎక్లెస్ మాత్రం ఈ కట్టడం కోవెంట్రీ ఒక్కదానికే సంబంధించింది కాదని చెప్పి అనుమతి ఇచ్చాడు. ఇల్లా, గుడా అనే ఈ వాదం మన ఊళ్ళకీ కొత్త కాదు. ఇరుపక్షాల్లోనూ న్యాయం ఉన్న వాదమది. 1956 మార్చి 23న రెండో ఎలిజబెత్ రాణి శంకుస్థాపన చేసింది. 1962 మే 25న ప్రతిష్ఠ జరిగింది.

కనపడని కిటికీలు

రంగు అద్దాల కిటికీలు మనకి కొత్తేమీ కావు. మెదక్ చర్చి చూసినవాళ్ళకి తెలుసు. పాస్నెట్ దొర కట్టించి 1924 క్రిస్మస్ నాడు ప్రారంభించిన ఆ చర్చికి కిటికీలు చేసినది ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. అద్దం కరిగి ఉన్నప్పుడే లోహపు భస్మాలు కలిపితే రంగు వస్తుంది. కోబాల్ట్ కలిపితే నీలం, బంగారం గానీ రాగి గానీ కలిపితే ఎరుపు. ఆ ముక్కల్ని సీసపు పట్టీలతో కలిపి బొమ్మ చేస్తారు. రంగు పైన పూసింది కాదు, అద్దంలోనే ఉంది కాబట్టి ఎండ దానిలోంచి వచ్చినప్పుడే అది పలుకుతుంది. మెదక్‌లో బలిపీఠం వైపు చూస్తే ఏసు ఆకాశానికి ఎక్కిపోతున్న కిటికీ ఎదురుగా కనిపిస్తుంది.

కోవెంట్రీలో అలా కాదు. లోపల అడుగుపెట్టి బలిపీఠం వైపు చూస్తే రెండు పక్కలా కనిపించేవి ఉత్త రాతి గోడలు. కిటికీలేవీ అని వెతుక్కోవాలి. రహస్యం గోడల కట్టుబడిలో ఉంది. ఈ గోడలు తిన్నగా ఉండవు, రంపపు పళ్ళలా మడతలు మడతలుగా ఉంటాయి. ప్రతి మడతలోనూ రాతి ముఖం మనవైపు, అద్దపు ముఖం బలిపీఠం వైపు తిరిగి ఉంటుంది. ఒక్కొక్కటి 70 అడుగుల ఎత్తున్న పది కిటికీలు. వెలుగంతా బలిపీఠం మీదికి వెళ్తుంది, కిటికీలు మాత్రం మన కంట పడవు. ముందుకి నడుస్తూ ఉంటే, దాటివచ్చినవి మాత్రమే పక్కకి తిరిగి చూస్తే కనిపిస్తాయి. బలిపీఠం దాకా వెళ్ళి వెనక్కి తిరిగితే పదీ ఒక్కసారిగా వెలుగుతాయి.

ఇవి అయిదు జతలు. ద్వారం దగ్గర ఆకుపచ్చ, అది పుట్టుక. తరవాత ఎరుపు, ఆ పైన అన్ని రంగులూ కలగలిసిన జత, ఆ తరవాత ఊదా, నీలాలు, చివర బంగారు రంగు. ఒక పక్కవి మనిషి నడక, రెండో పక్కవి దైవం వైపునుంచి అదే నడక. రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌కి చెందిన లారెన్స్ లీ, ఆయన శిష్యులు జెఫ్రీ క్లార్క్, కీత్ న్యూ వీటిని చేశారు. తలా మూడు, మిగిలిన ఒకటి ముగ్గురూ కలిసి. జీవితంలో ముందున్నది కనపడదు, నడిచి వచ్చిన దారి మాత్రమే అర్థమవుతుంది అనే మాటని ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు? అక్షరం ముక్క లేకుండా, కేవలం గోడ కోణం మార్చి చెప్పారు. ఇంజనీరింగ్ చదువుకున్నవాడిగా నాకు బాగా నచ్చింది అదే.

వెలుగుని దాచనిది ఒకటే ఉంది. కుడిచేతి వైపున, జ్ఞానస్నానాలు చేయించే తొట్టి వెనక, నేలనుంచి కప్పుదాకా వంపు తిరిగిన అద్దపు గోడ. దాదాపు 200 గళ్ళు. చుట్టూ ముదురు నీలాలు, ఎరుపులు, ఆకుపచ్చలు; నడుమ ఒక్కసారిగా తెలుపు, పసుపు. బొమ్మ ఏమీ లేదు, సూర్యుడు బద్దలైనట్టు ఉంటుంది, అంతే. దాని ముందున్న తొట్టి బెత్లెహేం దగ్గరి కొండనుంచి తెచ్చిన బండరాయి. ఈ కిటికీ గీసినవాడు జాన్ పైపర్, అద్దంలో చేసినవాడు పాట్రిక్ రెయింటిన్స్.

ఈ పైపర్ కోవెంట్రీకి కొత్తవాడు కాదు. 1940లో ఆయన ప్రభుత్వం నియమించిన యుద్ధ చిత్రకారుడు. బాంబులు పడ్డ మర్నాడు, నవంబరు 15న, ఇంకా పొగలు కక్కుతున్న ఈ చర్చి దగ్గరికే వచ్చాడు. అప్పుడు ఆయన వేసిన శిథిలాల చిత్రం బ్రిటన్‌లో చాలా పేరుపొందింది. ఆ మంటల ఎరుపునీ, మసినీ చూసిన కళ్ళే ఇరవై ఏళ్ళ తరవాత ఈ సూర్యుణ్ణి ఊహించాయి. ఈ సంగతి తెలిశాక ఆ కిటికీ నాకు వేరేగా కనిపించింది. కొత్త చర్చికి ఒక అలంకారం అనుకున్నది, ఆ ఉదయానికి ఆయన ఇచ్చుకున్న జవాబు అనిపించింది.

క్షమించు, ఎవరిని?

బలిపీఠం వెనక గోడంతా ఆక్రమించిన ఏసు చిత్రం రంగులు వేసింది కాదు, నేసింది. గ్రాహం సదర్లాండ్ గీయగా ఫ్రాన్స్‌లో నేశారు. సుమారు 75 అడుగుల ఎత్తు, 39 అడుగుల వెడల్పు. ఆ మహాకాయుడి పాదాల మధ్య మామూలు మనిషంత మనిషి ఒకడు నిలబడి ఉంటాడు. ఏకతా ప్రార్థనా మందిరంలో నేలమీది మొజాయిక్ స్వీడన్ వాళ్ళ కానుక. బయటి గోడమీద సాతానుని జయించిన సెయింట్ మైకేల్ విగ్రహం జేకబ్ ఎప్‌స్టీన్ చేసినది. ఆయన యూదుడు కదా అని కమిటీలో ఎవరో నసిగితే, ఏసు కూడా యూదుడే కదా అని స్పెన్స్ అన్నాడట.

అయితే నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి పాత శిథిలంలో, కాలిన శిలువ వెనక గోడమీద ఉన్న రెండు మాటలు. తండ్రీ, క్షమించు. 1948లో హోవార్డ్ చెక్కించాడు. బైబిల్లో శిలువమీద ఏసు అన్నది 'వీరిని క్షమించు' అని. ఇక్కడ 'వీరిని' లేదు. కావాలనే వదిలేశారు. 1945 ఫిబ్రవరిలో బ్రిటిష్, అమెరికన్ విమానాలు జర్మనీలోని డ్రెస్డెన్‌ని తగలబెట్టాయి. అక్కడ చనిపోయినవాళ్ళు సుమారు 25,000. ఆ లెక్క తెలిశాక వేలెత్తి చూపించడం ఎవరికి సాధ్యం?

మాటతో ఊరుకోలేదు. 1961లో జర్మన్ యువకులు వచ్చి ఈ శిథిలాల్లోని పాత గదుల్ని బాగుచేశారు. 1965లో కోవెంట్రీ యువకులు డ్రెస్డెన్ వెళ్ళి బాంబులకి కూలిన ఆసుపత్రిని కట్టడంలో చెయ్యివేశారు. ప్రతిష్ఠోత్సవాల్లో, 1962 మే 30న, బెంజమిన్ బ్రిటెన్ 'వార్ రిక్వియం' మొదటిసారి ఇక్కడే వినిపించారు. ఇంగ్లీషు గాయకుడు పీటర్ పియర్స్, జర్మన్ గాయకుడు ఫిషర్ డిస్కావ్ పక్కపక్కన నిలబడి పాడారు. సోవియట్ గాయని విష్ణెవ్‌స్కయాకి వాళ్ళ ప్రభుత్వం అనుమతివ్వలేదు, ఆమె బదులు హీథర్ హార్పర్ పాడింది. రాజీ అంత తేలిగ్గా కుదరదనడానికి అదీ ఒక గుర్తే.

మనలో ఒక్కొక్కరి మతం ఒక్కొక్కటి, కొందరికి ఏదీ లేదు. ఇక్కడ చూడవలసినదానికి అదేమీ అడ్డు కాదు. జరిగిన నష్టాన్ని దాచిపెట్టి మర్చిపోవడం ఒక పద్ధతి. దాన్ని రోజూ తవ్వుకుని పగ పెంచుకోవడం ఇంకో పద్ధతి. కోవెంట్రీ వాళ్ళు గాయాన్ని నడివీధిలో ఉంచారు, పక్కన కొత్తది కట్టారు, రెంటికీ మధ్య రాతి గోడ బదులు అద్దపు గోడ పెట్టారు. జాన్ హటన్ ఆ అద్దంమీద 66 దేవదూతల, పుణ్యపురుషుల బొమ్మలు చెక్కాడు. లోపలున్నవాళ్ళకి వాటి సందుల్లోంచి ఎప్పుడూ పాత గోడలు కనిపిస్తూనే ఉంటాయి.

వెళ్ళదలచుకుంటే లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి రైల్లో గంట ప్రయాణం. పైపర్ కిటికీ తూర్పు వైపు ఉంది కాబట్టి ఎండ ఉన్న రోజున పొద్దున్నే వెళ్ళండి. ముందు శిథిలాల్లో కాసేపు తిరిగి, ఆ తరవాతే కొత్తదాంట్లోకి నడవండి. రాతిగోడల్ని చూసి ఇంతేనా అనుకోకండి. చివరిదాకా వెళ్ళి, అక్కడ ఆగి, వెనక్కి తిరగండి.