మత్తుకి ముందు సూది

నొప్పిని జయించిన చరిత్రలో హైదరాబాదుకి ఒక అధ్యాయం ఉంది. 1888లో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ అక్కడ క్లోరోఫామ్ కమిషన్ నడిపాడు. దాని తీర్పు ఇంగ్లండులో అందరికీ మింగుడు పడలేదు. మరుసటి ఏడాది ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి, లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ని రప్పించాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్‌తో ముందు ఊపిరి ఆగుతుంది, ఆ తర్వాతే గుండె అని తేల్చారు. ఊపిరి చూస్తుండమన్న సలహా మంచిదే. గుండెకి భయం లేదన్నది మాత్రం నిలవలేదు. మత్తు తేలిగ్గా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఆగిపోవచ్చని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు.

ఇంత పట్టింపు ఎందుకంటే, మనుషులు చనిపోతున్నారు. 1848లో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ పిల్ల కాలిగోరు తీయించుకోబోయి, క్లోరోఫామ్ పీల్చిన కొద్ది నిమిషాల్లో పోయింది. పన్ను పీకించుకోడానికి కూర్చుని మళ్ళీ లేవనివాళ్ళూ ఉన్నారు.

అందుకే సూది వరంలా వచ్చింది. 1884లో కార్ల్ కోలర్ కొకైన్‌తో కంటిని మొద్దుబార్చాడు. వెంటనే న్యూయార్కులో హాల్‌స్టెడ్ అదే మందుని కింది దవడ నరం దగ్గర ఎక్కించి చూశాడు. తర్వాత 1905లో నోవకెయిన్, 1943లో స్వీడన్‌లో లిగ్నోకెయిన్. ఇక మనిషి మెలకువగానే ఉంటాడు, పన్ను ఒక్కటే నిద్రపోతుంది.

కానీ నొప్పి పోగొట్టే ఆ మందు నొప్పితోనే లోపలికి వెళ్తుంది. పెద్దవాళ్ళు పంటిబిగువున భరిస్తారు. పిల్లలు ఏడిస్తే మాత్రం దాన్ని నొప్పి అనలేదు, మొండితనం అన్నారు. అమెరికాలో ఏడ్చే పిల్లల నోటికి అరచెయ్యి అడ్డంపెట్టి అదుపు చెయ్యడం ఒక పద్ధతిగా చెలామణీ అయింది. అక్కడి పిల్లల దంతవైద్యుల అకాడమీ దాన్ని తన మార్గదర్శకాల్లోంచి తీసేసింది 2006లో. పసికందులకయితే నొప్పే తెలీదనుకుని, సరైన మత్తు లేకుండానే కోసేవాళ్ళు. ఇండోర్‌లో వైద్యం చదివిన కన్వల్‌జీత్ ఆనంద్ 1987లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువరించిన పరిశోధనతో ఆ నమ్మకం కదిలింది.

మా పెనుగంచిప్రోలులో చెవులు కుట్టేటప్పుడు పిల్లని మేనమామ ఒళ్ళో కూర్చోబెడతారు. నోట్లో బెల్లంముక్క పెడతారు. "అదుగో కాకి" అనేలోపు పని అయిపోతుంది. ఇందులో వైద్యం కూడా ఉంది. తీపి పసిపిల్లల్లో సూది నొప్పిని తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. చూపు మళ్ళించడం పిల్లల దంతవైద్యంలో ఇప్పుడొక పాఠం.

నోట్లో సూది ఎందుకంత నొప్పి? మందు ఎక్కువసేపు నిలవడానికి అడ్రినలిన్ కలుపుతారు. అది చెడిపోకుండా మందుని ఆమ్లంగా ఉంచుతారు, ఆ ఆమ్లం మండుతుంది. అంగిట్లో పొర ఎముకకి అతుక్కుని ఉంటుంది కాబట్టి మందుకి చోటు చాలక ఒత్తిడి పుడుతుంది. విరుగుళ్ళు తెలిసినవే. తుడిచి జెల్ రాసి ఒకట్రెండు నిమిషాలు ఆగడం, మిల్లీలీటరుకి నిమిషం చొప్పున మెల్లగా ఎక్కించడం, ఎక్కించేటప్పుడు బుగ్గ పట్టి ఊపడం. స్పర్శ నొప్పికి దారి మూస్తుందని 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ బుగ్గ ఊపడానికి ఆధారం. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు. కావలసిందల్లా తీరిక. బయట బెంచీ నిండా జనం ఉన్న ఆస్పత్రిలో అదే కరువు.

మనవైపు నుంచి కూడా ఒక తప్పుంది. "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని పిల్లలకి అబద్ధం చెప్పి తీసుకెళ్తాం. ఒకసారి నమ్ముతారు. రెండోసారి కుర్చీ చూడగానే ఏడుపు. కొందరు డాక్టర్లు ముందే, "కొంచెం నొప్పెడుతుంది నాన్నా, ఎక్కువైతే చెయ్యెత్తు, ఆపేస్తా" అంటారు. ఎత్తినప్పుడు నిజంగానే ఆపాలి. ఆ చెయ్యి చెప్పేది నమ్మడానికి మనకి ఇన్నేళ్ళు పట్టింది.