రాతి బెజ్జంలో ఇనుప సీల

సిద్దిపేట ప్రాంతపు పల్లెల్లో, పిండిగిర్నీలు వచ్చేవరకు ఇంటింటా వినిపించిన ఇసుర్రాయి, రాతిలో లోహాన్ని నిలిపే విద్యకు అతి సామాన్యమైన ఉదాహరణ. కింది రాతి నడుమ ఉలితో తొలిచిన బెజ్జంలో ముందుగా చెక్క బిరడాను దిగగొట్టి, దాని మధ్య ఇనుప సీలను నాటితే, పైరాయి ఆ సీల చుట్టూ తిరిగేది. గ్రానైటు గట్టిదే అయినా పెళుసుది కాబట్టి ఇనుమును నేరుగా బిగిస్తే బెజ్జం అంచు చిట్లుతుంది. నడుమనున్న చెక్క ఆ తాకిడిని తాను భరిస్తుంది. రాయి, ఇనుము కంటే వాటి మధ్య సందును నింపే పదార్థమే అతుకు ఆయుష్షును నిర్ణయిస్తుందన్న విషయం ఈ చిన్న పనిముట్టులోనే ఉంది.

పెద్ద కట్టడాల్లో ఆ స్థానం సీసానిది. 327 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరిగే సీసాన్ని మామూలు బొగ్గుల కుంపటి మీద కరిగించి, సీల నిలిపిన బెజ్జంలో పోసేవారు. బెజ్జం నోటికంటే అడుగు వెడల్పుగా ఉండేలా తొలిస్తే గడ్డకట్టిన సీసం పైకి ఊడిరాదు. లోపల తడి మిగిలితే అది ఒక్కసారిగా ఆవిరై కరిగిన లోహాన్ని పనివాడి ముఖంమీదికి చిమ్ముతుంది కనుక, రాతిని ముందే ఆరబెట్టి వెచ్చచేయాలి. చల్లారేటప్పుడు సీసం కుంచించుకుపోతుంది. అందువల్ల మొద్దు ఉలితో దాన్ని మళ్లీ దట్టించనిదే పని పూర్తి కాదు.

సీసం మరో మేలు చేస్తుంది: ఇనుముకు నీరు తగలనివ్వదు. తుప్పుపట్టిన ఇనుము అసలు పరిమాణానికి అనేక రెట్లు ఉబ్బి, రాతిని లోపలినుంచే పగలగొడుతుంది. 13వ శతాబ్దపు కోణార్క ఆలయంలో రాళ్లను కలిపిన ఇనుప బందులు సముద్రపు గాలికి ఇలాగే చేటు తెచ్చాయి. ఏథెన్సులోని పార్థినాన్ కథ మరింత విడ్డూరం: ప్రాచీన గ్రీకులు సీసంలో పొదిగిన ఇనుము చాలావరకు నిలవగా, 1898 తరువాత బలానోస్ అనే ఇంజనీరు చేపట్టిన మరమ్మతుల్లో సీసపు కవచం లేకుండా వాడిన కొత్త ఇనుము కొద్ది దశాబ్దాల్లోనే పాలరాతిని చీల్చింది, దరిమిలా దాని స్థానంలో టైటానియం పెట్టవలసి వచ్చింది.

నేడు ఉలికి బదులు డ్రిల్లు, సీసానికి బదులు ఎపాక్సీ జిగురు, మామూలు ఇనుముకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చాయి. పని తేలికైంది గాని కొత్త షరతులు తోడయ్యాయి. డ్రిల్లు మిగిల్చిన సన్నని రాతిపొడిని ఊది, బ్రష్షుతో శుభ్రం చేయకపోతే జిగురు రాతిని కాక ఆ పొడినే పట్టుకుంటుంది. ఎక్కువ వేడికి మామూలు ఎపాక్సీ మెత్తబడుతుంది కనుక, తెలంగాణ ఎండలో కాగే రాతికి తగిన రకాన్ని ఎంచుకోక తప్పదు. అంతకంటే పెద్ద చిక్కు, ఒకసారి పట్టిన జిగురు రాతికి దెబ్బ తగలకుండా ఊడిరాకపోవడం. ఒకప్పుడు సిద్దిపేట సీమను కూడా ఏలిన కాకతీయుల శిల్పులు ప్రధానంగా రాతి బరువునూ, ఒక రాతి కుసి మరో రాతి గుంటలో కూర్చోవడాన్నీ నమ్ముకున్నారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని రాయి రాయిగా విప్పి, మళ్లీ పేర్చి, 2024లో తిరిగి తెరవడానికి వీలైంది ఆ పద్ధతి వల్లనే.