కృష్ణా డెల్టా మడ అడవులు

కృష్ణా డెల్టా మడ అడవులు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో కృష్ణా నది బంగాళాఖాతంలో కలిసే చోట కృష్ణా, బాపట్ల జిల్లాలలో విస్తరించి ఉన్నవి. వీటిలో అధిక భాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోనిది. అభయారణ్యం విస్తీర్ణం సుమారు 194 చదరపు కిలోమీటర్లు.

భౌగోళికం

రేపల్లెకు దక్షిణాన నిజాంపట్నం, అడవులదీవి, లంకెవానిదిబ్బ పరిసరాలలో ఈ అడవులను చూడవచ్చు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడేవరకు ఈ భాగం గుంటూరు జిల్లాలో ఉండేది. మడ, తిల్ల ఇక్కడి ముఖ్య వృక్షాలు. వీటికి ఆటుపోట్ల ఉప్పునీటితో పాటు మంచినీరు కూడా అవసరం. తెనాలి, రేపల్లె ప్రాంతాల పొలాలలో మిగిలిన నీరు మురుగు కాలువల ద్వారా తీరానికి చేరుతుంది.

బావురుపిల్లి

ఇక్కడి ప్రముఖ వన్యప్రాణి బావురుపిల్లి. చేపలు దీని ముఖ్య ఆహారం. ఇది నీటిలో ఈదగలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో దీనికి రక్షణ ఉన్నది.

ఆవాసాల అనుసంధానం

1990వ దశకం నుండి రొయ్యల, చేపల చెరువులు విస్తరించి అడవి ముక్కలైనది. ఒక ముక్కలోని జంతువులు మరొకదానిలోని వాటితో కలవలేకపోతే దగ్గరి రక్తసంబంధం గల వాటి మధ్యనే సంతానం కలిగి, సంతతి బలహీనపడుతుంది. కాలువ గట్ల మీది జమ్ము, తుంగ, పొదలు ఈ ముక్కలను కలిపే దారులుగా ఉపయోగపడగలవు. గట్లను పూర్తిగా చదును చేస్తే ఆ దారి తెగిపోతుంది. చెరువులోని చేపలకు ఆశపడి వచ్చే పిల్లికి, రైతుకు ఘర్షణ కూడా ఏర్పడుతుంది. అందుచేత అభయారణ్యం లోపలి రక్షణతో పాటు వెలుపలి గట్ల రక్షణ కూడా అవసరం.