పిల్లల సోరియాసిస్: పెద్దల మందులు, పసివాళ్ళ మోతాదులు

సోరియాసిస్ పెద్దలకు వచ్చే వ్యాధి అన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. నిజానికి ఈ వ్యాధి ఉన్నవారిలో దాదాపు మూడోవంతు మందికి అది ఇరవై ఏళ్ళలోపే మొదలవుతుంది. గొంతునొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు, ఒళ్ళంతా నీళ్ళు చిలకరించినట్టు చిన్నచిన్న ఎర్రని మచ్చలు లేచి, వాటిపైన తెల్లని పొట్టు కట్టడం పిల్లలలో తరచు కనిపించే ఒక రూపం. ఈ వ్యాధి చికిత్సకు రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. అందులో నోటి ద్వారానో సూది ద్వారానో ఇచ్చే మందులను పిల్లలలో పెద్ద ఎత్తున, పద్ధతి ప్రకారం పరీక్షించిన కాలం మాత్రం సుమారు రెండు దశాబ్దాలే. ఈ అంతరం ఎలా ఏర్పడిందో, అది పూడే క్రమంలో ఒక తెలుగువాడి కృషికి ఎలాంటి స్థానం దక్కిందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పేరు సంగతి. గ్రీకు భాషలో ‘సోరా’ అంటే దురద. పొలుసులు రాలే రకరకాల వ్యాధులను ప్రాచీన గ్రీకు వైద్యం ‘లెప్రా’ అన్న పేరుతో ఒకే గాటన కట్టింది. మన దేశంలోనూ ఇలాంటిదే జరిగింది. చరకసంహిత పేర్కొన్న పద్దెనిమిది కుష్ఠాలలో, చేపపొలుసు వంటి చర్మం లక్షణంగా గల ఏకకుష్ఠాన్ని నేటి ఆయుర్వేద వైద్యులు పలువురు సోరియాసిస్‌తో పోలుస్తారు. అక్కడ ‘కుష్ఠం’ అన్నది చర్మవ్యాధులకు విశాలమైన పేరు. వాడుకలో అది ఒక్క కుష్ఠురోగానికే పరిమితమైంది. లండన్‌లో రాబర్ట్ విలన్ 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో సోరియాసిస్ లక్షణాలను స్పష్టంగా వర్ణించినా, ‘లెప్రా’ అన్న మాటను వదిలిపెట్టలేదు. 1841లో వియన్నా వైద్యుడు ఫెర్డినాండ్ హెబ్రా ఆ చిక్కుముడిని విప్పి, రెండిటినీ వేరుచేశాడు. శాస్త్రం వేరుచేసినా లోకం వేరుచేయలేదు. సోరియాసిస్ అంటువ్యాధి కాదని తెలియక పక్కన కూర్చోవడానికి జంకే తోటిపిల్లలు, పెళ్ళి సంబంధాల భయంతో వ్యాధిని దాచే పెద్దలు ఇవాళ్టికీ ఉన్నారు.

ఇక మందులు. 1786లో ఇంగ్లండులో థామస్ ఫౌలర్ ప్రచారంలోకి తెచ్చిన పాషాణ ద్రావణం, అంటే ఒక శాతం పొటాషియం ఆర్సెనైట్, 19వ శతాబ్దమంతా సోరియాసిస్‌కు ముఖ్యమైన మందుగా చలామణీ అయింది. చుక్కల లెక్కన ఇచ్చే మందు కనుక, చుక్కలు తగ్గిస్తే పిల్లల మందు అయ్యేది. పాషాణాన్ని దీర్ఘకాలం వాడినవారి అరచేతులలో, అరికాళ్ళలో చర్మం గట్టిపడి కేన్సర్‌గా మారుతున్నదని 1880వ దశకం చివరలో జోనథన్ హచిన్సన్ హెచ్చరించాడు. దీర్ఘకాలం అన్న మాట పెద్దలకన్నా పిల్లల విషయంలో ఎంత బరువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

పైపూత మందులలో ఒకదాని ప్రయాణం విచిత్రమైనది. బ్రెజిల్‌లో ఒక చెట్టు మాను నుంచి తీసిన పొడిని పోర్చుగీసువారు గోవాకు తెచ్చారు. అది ‘గోవా పొడి’ పేరుతో మన దేశంలో తామరకు మందుగా అమ్ముడుపోయింది. 1876లో లండన్ వైద్యుడు బల్మానో స్క్వైర్, తామరకని ఆ పొడి వాడిన ఒక రోగికి సోరియాసిస్ మచ్చలు మానడం గమనించాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీకి ఈ పొడి దొరకక, 1916లో దానికి బదులుగా డిత్రనాల్‌ను రసాయనశాలలో తయారుచేశారు. 1925లో మేయో క్లినిక్‌లో గెకర్‌మన్ తారు పూతకు అతినీలలోహిత కిరణాలను జోడించాడు. 1952లో హైడ్రోకార్టిజోన్ పూత వచ్చింది. దీని తరవాత వచ్చిన గాఢమైన స్టెరాయిడ్ పూతలతో పిల్లలకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. శరీరం బరువుతో పోలిస్తే పసివాళ్ళ చర్మం వైశాల్యం ఎక్కువ. అందువల్ల అదే పూత వారి రక్తంలోకి దామాషాలో ఎక్కువగా చేరుతుంది. పిల్లలు చిన్న సైజు పెద్దలు కారన్న సంగతి ఇక్కడ ప్రత్యక్షంగా తెలుస్తుంది.

ఇప్పుడు అసలు కథ. 1920వ దశకం చివరలో బొంబాయిలో లూసీ విల్స్ గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని కనుగొంది. ఆ సారంలో పనిచేసిన పదార్థమే తరవాత ఫోలిక్ ఆమ్లంగా గుర్తింపు పొందింది. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న యల్లాప్రగడ సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయడమే కాక, దాని పనికి అడ్డుపడే విరోధులనూ రూపొందించింది. అమైనోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అలా పుట్టాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమైనోప్టెరిన్‌ను రక్తకేన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. భీమవరంలో పుట్టిన సుబ్బారావు ఆ ఆగస్టులోనే, 53వ ఏట మరణించారు.

అంటే ఈ మందు మొదట చేరింది పిల్లల దగ్గరకే. చర్మవైద్యంలోకి మాత్రం పెద్దల ద్వారా ప్రవేశించింది. 1951లో గబ్నర్, ఆయన సహచరులు కీళ్ళవాతానికి అమైనోప్టెరిన్ ఇస్తూ, సోరియాసిస్ కూడా తగ్గడం గమనించారు. 1958లో ఎడ్మండ్‌సన్, గై మెథోట్రెక్సేట్‌తో అదే ఫలితాన్ని చూపారు. తొలిరోజులలో రోజూ ఇచ్చే పద్ధతీ ఉండేది, దుష్ఫలితాలూ ఉండేవి. 1971లో వైన్‌స్టీన్, ఫ్రాస్ట్ వారానికొకసారి, పన్నెండు గంటల ఎడంతో మూడు విడతలుగా ఇచ్చే పద్ధతిని ప్రతిపాదించారు. చర్మకణాల విపరీతమైన పెరుగుదలను ఆపుతుందన్న ఊహతో వాడిన ఈ మందు, ఆ చిన్న మోతాదులో ప్రధానంగా రోగనిరోధక కణాలను శాంతింపజేస్తుందని తరవాత తేలింది. మందు సరైనదే, దానికి చెప్పుకున్న కారణం మారింది.

మరి సోరియాసిస్ ఉన్న పిల్లల సంగతి? 1960వ దశకంలో హారీ షిర్కీ అనే అమెరికన్ శిశువైద్యుడు పిల్లలను ‘చికిత్సా అనాథలు’ అన్నాడు. మందుల భద్రత కోసం చట్టాలు కట్టుదిట్టమైన కొద్దీ, కంపెనీలు పెద్దలలో పరీక్షించి, పిల్లలకు వాడవద్దని చీటీపై రాసి ఊరుకున్నాయి. అమెరికాలో 2002, 2003లలో వచ్చిన రెండు చట్టాలు, ఒకటి ప్రోత్సాహకంతో, మరొకటి నిర్బంధంతో, ఈ పరిస్థితిని కొంత మార్చాయి.

ఈలోగా వైద్యులు చేతిలో ఉన్నదానితో నెట్టుకొచ్చారు. 1994లో చండీగఢ్ వైద్యులు మెథోట్రెక్సేట్ తీసుకున్న ఏడుగురు పిల్లల అనుభవాన్ని ప్రచురించారు. 2008లో ఎటానర్‌సెప్ట్ అనే జీవౌషధాన్ని 4 నుంచి 17 ఏళ్ళ వయసున్న 211 మందిలో పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాయి: 12 వారాలకు వ్యాధి తీవ్రత 75 శాతం తగ్గినవారు మందు తీసుకున్నవారిలో 57 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 11 శాతం. అమెరికాలో పెద్దల సోరియాసిస్‌కు 2004లో అనుమతి పొందిన ఆ మందుకు, పిల్లల విషయంలో 2016 దాకా అనుమతి రాలేదు. మధ్యలో, 2009లో, ఆ వర్గం మందులు వాడిన పిల్లలలో కేన్సర్ల గురించి ప్రభుత్వ ఔషధసంస్థ హెచ్చరిక చేర్చింది. 2017లో 114 మంది పిల్లలపై జరిగిన మరో పరీక్షలో, 16 వారాలకు అదే మెరుగుదల పూర్తి మోతాదు అడలిముమాబ్‌తో 58 శాతంలో, మెథోట్రెక్సేట్‌తో 32 శాతంలో కనిపించింది.

ఈ అంకెలు చూసి పాతమందు కథ ముగిసిందనుకోవడం తొందరపాటు. జీవౌషధాల ఖరీదు భరించలేని కుటుంబాలకు, బీమా ఒప్పుకోని సందర్భాలలో, మెథోట్రెక్సేట్ నేటికీ ఆధారం. అమెరికాలో పిల్లల సోరియాసిస్‌కు దానికి అధికారిక అనుమతి లేకున్నా, 2020లో వచ్చిన అక్కడి చర్మవైద్యుల మార్గదర్శకాలు వారానికి కిలో బరువుకు 0.2 నుంచి 0.7 మిల్లీగ్రాముల మోతాదును పేర్కొన్నాయి. ‘కేన్సర్ మందు మా బిడ్డకా?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. సహజమైన ప్రశ్నే. రక్తకేన్సర్‌కు వాడే మోతాదులతో పోలిస్తే ఇది చాలా చిన్నదనీ, రక్తపరీక్షలూ ఫోలిక్ ఆమ్లమూ తోడుగా ఉంటాయనీ వారికి చెప్పాలి. అంతకన్నా ముఖ్యంగా, వారానికి ఒక్కరోజే వేయవలసిన మాత్రను పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయమని చెప్పి, ఆ రోజు పేరు చీటీమీద రాయించుకొమ్మని కోరాలి. చుక్కలు తగ్గిస్తే చాలనుకున్న రోజుల నుంచి, కిలోకు ఎంత, వారంలో ఏ రోజు అని లెక్క చూసి ఇచ్చే దశకు రావడానికి వైద్యానికి రెండు వందల ఏళ్ళు పట్టింది.