కుప్పానికి వచ్చిన కంప్యూటర్లు

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగొస్తూ కుప్పం స్టేషన్లో బెంగుళూరు బండి కోసం నిలబడ్డాను. మా శాంతిపురం కుర్రాడొకడు పలకరించాడు. డిగ్రీ అయిపోయిందట. "అన్నా, మీ ఆఫీసులో ఏదైనా పనుంటే చెప్పన్నా, సెక్యూరిటీ అయినా పర్లేదు" అన్నాడు. చూద్దాంలే అన్నాను. ఈ మాట అనడం నాకు బాగా అలవాటైపోయింది. బండెక్కాక మాత్రం బుర్ర ఊరుకోలేదు. మా వైపు కుర్రాళ్ళకి ఎవరూ ఏమీ చెయ్యలేదా అంటే, చేశారు. ఆ కథే ఇది.

మాకు అవకాశం ఎప్పుడూ రైలు పట్టాల అవతలే ఉండేది. మద్రాసు రైల్వే వాళ్ళు జోలార్‌పేట నుంచి బెంగుళూరుకి 1864లో లైను వేస్తే, కుప్పం ఆ దారిలో పడింది. తర్వాత 1880లలో పక్కనున్న కోలారులో బంగారు గనులు మొదలయ్యాయి. మా జిల్లా నుంచీ, అటు తమిళ జిల్లాల నుంచీ జనం తవ్వడానికి వెళ్ళారు. 1902లోనే ఆ గనులకి శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. బంగారం ఎటు పోవాలో అటు పోయింది. 2001 ఫిబ్రవరిలో గనులు మూసేశారు.

సరిగ్గా మరుసటి ఏడాది, 2002లో, హెచ్‌పీ కంపెనీ కుప్పం వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి నియోజకవర్గం కాబట్టే ఇక్కడికి వచ్చిందని ఎవరైనా అంటే నేను వాదించను. ప్రభుత్వంతో కలిసి మూడేళ్ళ పథకం, పేరు ఐ-కమ్యూనిటీ. కుప్పం, శాంతిపురం, గుడుపల్లె, రామకుప్పం, వి.కోట, ఈ ఐదు మండలాల్లో పని. ఊళ్ళలో సమాచార కేంద్రాలు పెట్టి కంప్యూటర్లు, ఇంటర్నెట్టు ఇచ్చారు. వాటిని నడపడానికి మా యువతీయువకులకే శిక్షణ ఇచ్చారు.

అందులో నాకు బాగా నచ్చింది ఫొటోల సంగతి. పొదుపు సంఘాల్లోని కొందరు ఆడవాళ్ళకి డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, ఎండతో ఛార్జయ్యే బ్యాటరీ ఇచ్చి ఫొటోగ్రాఫర్లని చేశారు. పల్లెల్లో స్టూడియో ఎక్కడుంది? కార్డుకి ఫొటో కావాలంటే బస్సు ఛార్జీ ఒకెత్తు, పోయిన కూలి ఇంకొకెత్తు. అలాంటిది ఊళ్ళోనే ఫొటో తీసి అప్పటికప్పుడు చేతిలో పెడితే ఎవరికి చేదు? ఇప్పుడు నవ్వొస్తుందేమో గానీ ఆ రోజుల్లో మన ఆఫీసుల్లో కూడా డిజిటల్ కెమెరా అందరి దగ్గరా లేదు.

తర్వాత ఏమైంది? 2004లో ప్రభుత్వం మారింది. 2005 ఫిబ్రవరిలో హెచ్‌పీ అధిపతి కార్లీ ఫియోరినా దిగిపోయారు. ఆ ఏడాదే మూడేళ్ళ గడువు కూడా అయిపోయి కంపెనీ తప్పుకుంది. వాళ్ళని తిట్టడం నా ఉద్దేశం కాదు. మూడేళ్ళన్నారు, మూడేళ్ళున్నారు. కానీ మనం రోజూ చూసేదేగా: ప్రాజెక్టు డెలివరీ అయిపోయాక సపోర్టు ఎవరిది అన్న ప్రశ్నకి జవాబు లేకపోతే ఏమవుతుందో. పైగా కెమెరా ఫోన్లొచ్చాక ఆ ఫొటోల బేరం ఎటూ నిలిచేది కాదు. అప్పుడు ఆ మనుషులకి రెండో పని నేర్పే దిక్కు ఉండాలి కదా.

ఇప్పుడు, 2022 దాకా మా జిల్లాలోనే ఇంకో మూలగా ఉన్న మదనపల్లె వైపు చూడండి. అక్కడి ఋషివ్యాలీ స్కూలు 1926 నాటిది. డబ్బున్నవాళ్ళ పిల్లల బోర్డింగు స్కూలనే మనలో చాలామందికి తెలుసు. అయితే 1980ల చివర్లో వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు పెట్టారు. ఒకే గది, ఒకే టీచరు, అన్ని తరగతులూ అక్కడే. ఆ టీచర్లు చాలావరకు ఆ పల్లెల కుర్రాళ్ళూ అమ్మాయిలే. పాఠాల్ని కార్డులుగా విడగొట్టి, బొమ్మ గుర్తులు పెట్టి, ఏ కార్డు తర్వాత ఏ కార్డో నిచ్చెన పటం గీశారు. ఏ పిల్లాడు ఎక్కడ ఆగాడో అక్కణ్ణించే ఎక్కుతాడు. మన భాషలో చెప్పాలంటే, ఎవరొచ్చినా నడపగలిగేలా ముందే డాక్యుమెంటేషన్ రాసిపెట్టారు.

అసలు విశేషం ఏంటంటే, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల టీచర్లు ఇక్కడికొచ్చి ఈ పద్ధతి నేర్చుకుని వెళ్ళారు. కార్పొరేషన్ బడంటే తెలుసుగా, మురికివాడల పిల్లలు చదివే చోటు. మొదట 13 బడుల్లో పెట్టారు. 2007 కల్లా తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ పాకింది. అంటే ఒక మహానగరం తన పేద వాడల కోసం మా కరువు కొండల మధ్య పుట్టిన పద్ధతిని తీసుకెళ్ళింది. ఇది మన టెక్కీలకి ఎంతమందికి తెలుసు?

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటే తేడా కనిపిస్తోంది. కుప్పానికి ముందు యంత్రం వచ్చింది, మనుషుల్ని దానికి జతచేశారు. మదనపల్లెలో ముందు ఊరి మనిషిని తయారుచేసి, ఆ మనిషికి కావలసిన పనిముట్టు తర్వాత చేశారు. వెనకాల ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చున్న సంస్థ ఉంది.

ఎవరినో అనడం ఎందుకు, నా సంగతే చెప్తాను. కొన్నేళ్ళ క్రితం మేం నలుగురైదుగురు మిత్రులం చందాలేసుకుని మా వైపు ఒక బడికి పాత కంప్యూటర్లు ఇచ్చాం. రిబ్బన్ కట్ చేశాం, ఫొటోలు దిగాం, పార్టీ కూడా చేసుకున్నాం. రెండేళ్ళ తర్వాత వెళ్తే గదికి తాళం, లోపల దుమ్ము. తప్పు బడిది కాదు. కంప్యూటర్లిచ్చాం గానీ, వాటి దగ్గర కూర్చుని చెప్పే మనిషికి జీతం ఇవ్వాలని మాలో ఒక్కడికీ తట్టలేదు. రోజంతా మెయింటెనెన్స్ పని చేసేవాళ్ళం మరి!

బెంగుళూరులోనో హైదరాబాదులోనో మన అపార్టుమెంటు వెనకున్న బస్తీకైనా ఇదే లెక్క. వారాంతం వెళ్ళి పంచిపెట్టే బ్యాగుల కన్నా, ఆ వాడలోనే చదువుకున్న ఒక కుర్రాడికో అమ్మాయికో ఐదేళ్ళ పాటు నెల నెలా జీతమిచ్చి, సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టమనడం మేలు. పదిమంది కలిస్తే పెద్ద భారమేం కాదు. ఫొటోలకి మాత్రం పనికిరాదు.

స్టేషన్లో కలిసిన కుర్రాడికి ఫోన్ చేశాను. మా ఆఫీసులో ఉద్యోగం లేదని చెప్పేశాను. "బడి గది తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కుంటావా?" అని అడిగాను. జీతం సంగతి నా మిత్రులతో మాట్లాడుతున్నాను. ఈసారి చూద్దాంలే అని మాత్రం అనలేదు.