కుంపిణీ: ఒక ఇంగ్లీషు మాట చరిత్ర



ఇంగ్లీషు మాటలు వందలకొలది మన భాషలో చేరినవి. వానిలో రైలు, లాంతరు వంటివి ఒక వస్తువుతో వచ్చి ఆ వస్తువునకే పేరుగా నిలిచినవి. 'కంపెనీ' యను మాట అట్లు గాదు. అది మా కడప మండలమునకు ముమ్మారు, మూడు వేషములతో వచ్చినది. మొదట ప్రభువై వచ్చినది. పిమ్మట కాలువ త్రవ్వుటకు వచ్చినది. మూడవసారి ముఖమునకు రంగు పూసికొని రంగస్థల మెక్కినది. ఆ మూడు రాకలను గూర్చి నేడు మనవి చేయుదును.

ముందుగా మాట పుట్టుక. లాటిను భాషలో 'కోం' అనగా కూడ, 'పానిస్' అనగా రొట్టె. ఈ రెండును కలిసి, ఫ్రెంచి దారిని ఇంగ్లీషున కెక్కి, కంపెనీ యైనది. కలిసి రొట్టె తినువారని దాని మూలార్థము. మన మాటలలో చెప్పవలె నన్న, కూడి కూడు తినువారు; ఒకే బంతిని కూర్చున్నవారు. దానినుండియే తోడు, సాంగత్యము అను అర్థములు గలిగినవి. పటాలములోని దళము కంపెనీ. ఓడలోని సిబ్బంది కంపెనీ. మూలధనము కలిపి బేరము సాగించు వర్తకుల కూటమియు కంపెనీయే. ఈ కడపటి పద్ధతి మనకు క్రొత్తది గాదు. అయ్యావళి ఐనూర్వురు మొదలైన వర్తకశ్రేణులు మధ్యయుగముననే దక్షిణదేశ మంతట వ్యాపారము చేసినవి.

1600వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీని ఎలిజబెత్తు రాణి లండను వర్తకుల కొసగిన పట్టాతో ఈస్టిండియా కంపెనీ పుట్టినది. 1611లో అది మచిలీపట్టణమున కొఠీ వేసికొన్నది. తెలుగువారి నాలుకపై దాని పేరు కుంపిణీ యైనది. 1800వ సంవత్సరమున నిజాము, తన కొఱకు నిలిపిన కుంపిణీ సైన్యపు వ్యయము క్రింద, కడప బళ్లారి సీమలను దానికి వదలుకొనెను. దత్తమండలము లని మనకు పేరు వచ్చుట ఇందువలననే. 1807 వఱకు ముఖ్య కలెక్టరుగా నున్న తామస్ మన్రో పాలెగాండ్ర నణచి, రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించెను.

పాతరాజులు దుష్టులైనను కంటికి గానవచ్చెడివారు. ఈ కుంపిణీ కంటికి గానరాదు. దాని వాటాదారులు లండనులో నుందురు. వారి లాభము ఇచటి శిస్తులో నుండును. పాలెగాండ్రకు తవర్జీ, అనగా భరణము, ఏర్పఱచి వారి యధికారమును తీసివైచిరి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి ముట్టినది నెలకు పదునొకండు రూపాయల చిల్లర. చనిపోయిన బంధువుల భాగము తనకు రాకపోవుట ఆతని కోపమునకు కారణములలో నొకటి. 1846లో ఆతడు తిరుగబడి కోయిలకుంట్ల ఖజానాపై బడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీని ఆతని నురితీసిరి. 1858లో కుంపిణీ ప్రభుత్వ మంతరించినది.

ఆ ప్రభువు పోయెనో లేదో, రెండవ కంపెనీ దిగినది. తుంగభద్ర నీటిని సుంకేసుల యానకట్టనుండి కడప వఱకు గొనివచ్చుటకు, ఆర్థర్ కాటన్ ఊహ ననుసరించి, మద్రాసు ఇరిగేషను కంపెనీ పూనుకొన్నది. 1863 మొదలు 1870 వఱకు దాని పని సాగినది. కాలువ నిడివి రమారమి 190 మైళ్లు. పదిలక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వము పూచీపడినది. నీరు అమ్ముడుపోయినను పోకున్నను వాటాదారునకు వడ్డీ ముట్టుచుండెను. ఆ వడ్డీ జనులు కట్టిన పన్నులలోనిది. మెట్టపైరులకు అలవాటుపడిన రైతులు నీటితీరువ చెల్లించి నీరు తీసికొనుటకు అనుకొన్నంతగా ముందుకు రాలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనివేసినది. కంపెనీ పోయినది, కాలువ మిగిలినది. అదియే నేటి కర్నూలు–కడప కాలువ. మా చాపాడు పొలములలో వరి పండుచున్న దన్న ఆ నీటి చలువయే. తవ్వించినవాని యుద్దేశము వడ్డీయే కావచ్చును. పైరు మాత్రము ఆ లెక్క యెఱుగదు.

మూడవ కంపెనీ సీమనుండి వచ్చినది గాదు, మా జిల్లాలోనే పుట్టినది. 1885లో సురభి గ్రామమున, తోలుబొమ్మలాట వృత్తిగాగల కుటుంబమువారు, వనారస గోవిందరావు నాయకత్వమున 'కీచకవధ' ప్రదర్శించిరి. అదియే సురభి నాటకసమాజము; జనులకు అది సురభి కంపెనీ. తాత, తండ్రి, కోడలు, మనుమడు, అందఱును నటులే. స్త్రీలు రంగ మెక్కుటకు లోకము సందేహించు కాలమున ఈ యింటి స్త్రీలే స్త్రీవేషములు ధరించిరి. ఊరూరను గుడారము వేసి, ఒకచోట నివసించి, వచ్చిన దానితో అందఱును బ్రదికిరి. తరతరములుగా శాఖలై విస్తరించిరి. లాటిను పదము వారెఱుగరు. దాని యర్థమును మాత్రము జీవితమున నిలిపిరి.

ఈనాడు మా జిల్లాలో ఎఱ్ఱగుంట్ల ప్రాంతపు సిమెంటు కంపెనీలున్నవి. అక్కడ కొలువు దొరికిన పిల్లవాని తల్లి 'కంపెనీలో పని' యని సంతోషముతో చెప్పుకొనును. ఆ మాటను మనము మానలేము, మాననక్కఱయు లేదు. ఏ కంపెనీ మన యూరికి వచ్చినను దాని నొక్క ప్రశ్న యడుగుట మంచిది: బంతిలో కూర్చుండువా రెవరు? వడ్డించువా రెవరు? వడ్డించినవారికి చివర విస్తరి మిగులునా?